టికెట్ కదిలితే అసెట్ రికార్డు పుట్టాలి: స్క్రిప్టు ఏ మెట్టు దగ్గర ఉండాలి?

మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ ఐటీ ఆఫీసు తీసుకున్నా, కొత్తగా వచ్చిన ల్యాప్‌టాప్ వివరం సాధారణంగా మూడు చోట్ల ఉంటుంది. కొనుగోలు టికెట్‌లో ఒకసారి, స్టోర్స్ వాళ్ల ఎక్సెల్ షీటులో ఒకసారి, ఫైనాన్స్ వాళ్ల స్థిరాస్తుల రిజిస్టర్‌లో ఇంకోసారి. మూడింటినీ వేర్వేరు మనుషులు వేర్వేరు రోజుల్లో చేత్తో ఎక్కిస్తారు. ఆడిట్ నాటికి మూడు లెక్కలూ కలవవు. టికెట్ వర్క్‌ఫ్లోలోనే ఒక స్క్రిప్టు పెట్టి, సరుకు చేతికి అందిన క్షణంలో అసెట్ రికార్డు దానంతటదే తయారయ్యేలా చేస్తే ఈ తిప్పలు చాలావరకు తగ్గుతాయి. స్క్రిప్టు రాయడం పెద్ద పనేమీ కాదు. అది ఏ మెట్టు దగ్గర నడవాలి, ఒకే వస్తువుకు రెండు రికార్డులు రాకుండా ఎలా ఆపాలి, సగంలో ఆగిపోతే ఎవరికి తెలియాలి అన్నవి తేల్చుకోవడంలోనే ఎక్కువ సమయం పోతుంది, పోవాలి కూడా.

ఇక్కడ ఉదాహరణగా అట్లాసియన్ కంపెనీ టికెట్ టూల్ జిరా సర్వీస్ మేనేజ్‌మెంట్‌నూ, అందులో వస్తువుల రికార్డులు ఉంచే అసెట్స్‌నూ తీసుకుంటున్నాం. అసెట్స్ మొదట్లో ఇన్‌సైట్ పేరుతో వేరే కంపెనీ తయారుచేసిన యాడ్ఆన్. ఆ కంపెనీ మైండ్‌విల్‌ను 2020లో అట్లాసియన్ కొనేసింది. తర్వాత దాన్ని సర్వీస్ మేనేజ్‌మెంట్‌లోనే కలిపి, పేరు అసెట్స్‌గా మార్చింది. మన సొంత సర్వర్లలో నడిచే డేటా సెంటర్ వెర్షన్‌లో స్క్రిప్టులకు ఎక్కువమంది వాడేది స్క్రిప్ట్‌రన్నర్, భాష గ్రూవీ. అట్లాసియన్ సర్వర్లలో నడిచే క్లౌడ్‌లో అయితే రెస్ట్ ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని వెబ్ ద్వారా పిలిచే దారి) ద్వారా పని జరుగుతుంది. టూల్ వేరైనా కింద చెప్పే చిక్కులు దాదాపు ఇవే.

ముందు ఆమోదమా, ముందు సరుకా?

ల్యాప్‌టాప్ కొనుగోలు టికెట్ మామూలుగా ఇలా నడుస్తుంది: అభ్యర్థన, మేనేజర్ ఆమోదం, ఆర్డరు, సరుకు రాక, తనిఖీ, ఉద్యోగికి అప్పగింత, ముగింపు. చాలామంది స్క్రిప్టును ఆమోదం మెట్టు దగ్గర తగిలిస్తారు. ఆమోదం వచ్చిందంటే వస్తువు ఎలాగూ వస్తుంది కదా, ముందే రికార్డు చేసి పెట్టుకుంటే సరిపోతుందన్నది వాళ్ల లెక్క. ఇది తప్పుడు చోటు. ఆమోదం నాటికి సీరియల్ నంబరు ఉండదు. అడిగిన మోడల్ దొరక్క వెండర్ దాని బదులు ఇంకోటి పంపవచ్చు. పది అడిగితే ఎనిమిది రావచ్చు. ఆర్డరు రద్దు కావచ్చు. ఆమోదం దగ్గర పుట్టిన రికార్డుల్లో కొన్నింటికి ఏనాటికీ వస్తువు ఉండదు. ఆరు నెలలు తిరిగేసరికి స్టాక్‌లో ఉన్నట్టు కనిపిస్తూ, అల్మరాలో కనిపించని మెషిన్ల జాబితా ఒకటి పేరుకుపోతుంది.

రికార్డు పుట్టాల్సిన చోటు సరుకు తనిఖీ ముగిసిన ట్రాన్సిషన్, అంటే టికెట్ ఆ మెట్టు దాటి తర్వాతి మెట్టుకు కదిలే చోటు. స్టోర్స్ మనిషి పెట్టె తెరిచి, డెలివరీ చలాన్‌తో సరిచూసి, సీరియల్ నంబరు స్కాన్ చేసి, జీఆర్‌ఎన్ (సరుకు అందిన రసీదు) వేసిన క్షణం అది. వస్తువు ఉందనీ, ఏదనీ, ఎక్కడుందనీ మూడూ ఒకేసారి తెలిసేది అక్కడే. ఆర్డరులో ఉన్న వాటి లెక్క కావాలంటే దానికి టికెట్ స్టేటస్ చాలు.

అదే తర్కంతో, రికార్డు పుట్టేటప్పుడు వాడుకరి పేరు నింపకూడదు. టికెట్ వేసిన ఉద్యోగికే ఆ మెషిన్ వెళ్తుందన్న హామీ లేదు. అత్యవసరమై ఇంకొకరికి ఇచ్చి, వెనకాల వచ్చిన దాన్ని ఈయనకు ఇవ్వడం రోజూ జరిగేదే. పుట్టుకలో స్టేటస్ ‘స్టాక్‌లో ఉంది’ అని, స్థలం ‘స్టోర్స్’ అని ఉండాలి. అప్పగింత మెట్టు దగ్గర ఇంకో చిన్న స్క్రిప్టు ఆ రికార్డునే దిద్దుతుంది. ఒక్కో సంఘటనకు ఒక్కో స్క్రిప్టు. అన్నీ ఒకదాంట్లో కుక్కితే ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకోవడం కష్టం.

వాలిడేటర్ పని వేరు, పోస్ట్ ఫంక్షన్ పని వేరు

జిరా ట్రాన్సిషన్‌లో కండిషన్, వాలిడేటర్, పోస్ట్ ఫంక్షన్ అని మూడు చోట్ల స్క్రిప్టు పెట్టొచ్చు. బటన్ ఎవరికి కనిపించాలో కండిషన్ నిర్ణయిస్తుంది. స్క్రీన్‌లో నింపిన విలువలను వాలిడేటర్ పరీక్షిస్తుంది, తప్పుంటే ట్రాన్సిషన్‌ను అక్కడే ఆపి స్క్రీన్ మీద సందేశం చూపిస్తుంది. పోస్ట్ ఫంక్షన్ ఆ తర్వాత నడుస్తుంది.

సీరియల్ నంబరు ఖాళీగా ఉందా, దాని రూపం సరిగ్గా ఉందా, అదే నంబరుతో ఇప్పటికే రికార్డు ఉందా, మోడల్ మన జాబితాలో ఉందా అన్న పరీక్షలన్నీ వాలిడేటర్‌లో ఉండాలి. ఎందుకంటే పెట్టె ఎదురుగా ఉన్న మనిషి తప్పును దిద్దగలిగేది ఆ నిమిషంలోనే. పోస్ట్ ఫంక్షన్‌లో వచ్చిన లోపం స్టోర్స్ మనిషికి సాధారణంగా కనిపించదు. టికెట్ ముందుకు వెళ్లిపోతుంది, లోపం సర్వర్ లాగ్‌లో మిగులుతుంది.

ఇక రికార్డు సృష్టించే పని మాత్రం వాలిడేటర్‌లో పెట్టకూడదు. ఒక ట్రాన్సిషన్‌కు నాలుగు వాలిడేటర్లు ఉండి, రెండోది రికార్డు సృష్టించి, మూడోది విఫలమైతే టికెట్ కదలదు, రికార్డు మాత్రం మిగిలిపోతుంది. వాడుకరి తప్పు దిద్ది మళ్లీ నొక్కితే ఇంకో రికార్డు పుడుతుంది. టికెట్ మార్పు, అసెట్ సృష్టి ఒకే డేటాబేస్ లావాదేవీలో భాగం కావు, ఒకటి వెనక్కి పోతే రెండోది దానితో పాటు పోదు. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే తక్కిన జాగ్రత్తల్లో సగం వాటంతటవే తడతాయి.

పోస్ట్ ఫంక్షన్ల వరుస కూడా ముఖ్యమే. అసెట్ సృష్టించాక దాన్ని టికెట్‌లోని అసెట్ ఫీల్డుకు తగిలించాలి. ట్రాన్సిషన్‌లో నడుస్తున్న టికెట్ మీదే విలువ పెట్టేటట్టయితే, ఆ స్క్రిప్టు మార్పుల చరిత్రను రాసి టికెట్‌ను డేటాబేస్‌లో భద్రపరిచే పోస్ట్ ఫంక్షన్‌కు పైన ఉండాలి. కింద ఉంటే విలువ పెట్టినట్టే అనిపిస్తుంది కానీ భద్రం కాదు. టికెట్ పుట్టే మొదటి ట్రాన్సిషన్‌లో పరిస్థితి వేరు. అక్కడ టికెట్‌ను అసలు సృష్టించే ఫంక్షన్ నడిచేదాకా టికెట్ నంబరే ఉండదు. దాన్ని వాడే స్క్రిప్టు దాని కిందే ఉండాలి. పోర్టల్ నుంచి వచ్చిన టికెట్లలో అభ్యర్థన రకం ఆ మొదటి ట్రాన్సిషన్ నాటికి ఇంకా నిండకపోవచ్చు కాబట్టి, దాని మీద ఆధారపడిన షరతు అక్కడ పెడితే ఎప్పుడూ తప్పే అవుతుంది. సరుకు తనిఖీ మెట్టుకు జరిపితే ఈ రెండు చిక్కులూ ఉండవు.

స్కీమా ముందు సర్దుకోవాలి

స్క్రిప్టు ఎంత బాగున్నా, అసెట్స్ స్కీమా (ఏ రకం వస్తువుకు ఏ గడులుండాలో చెప్పే అమరిక) గజిబిజిగా ఉంటే గజిబిజి వేగంగా పెరుగుతుంది, అంతే. అసెట్స్‌లో ఒక్కో రికార్డును ఆబ్జెక్ట్ అనీ, దాని రకాన్ని ఆబ్జెక్ట్ టైప్ అనీ అంటారు. ల్యాప్‌టాప్ ఆబ్జెక్ట్ టైప్‌కు కనీసం ఇవి కావాలి: సీరియల్ నంబరు, మోడల్, వెండర్, ఇన్‌వాయిస్ నంబరు, ఇన్‌వాయిస్ తేదీ, వారంటీ ముగింపు, స్థలం, స్టేటస్, కొనుగోలు టికెట్ నంబరు.

వీటిలో మోడల్, వెండర్, స్థలం మూడూ అక్షరాలుగా ఉండకూడదు. వేరే ఆబ్జెక్టులకు చూపే రిఫరెన్సులుగా ఉండాలి. మోడల్‌ను అక్షరాలుగా వదిలేస్తే ‘లాటిట్యూడ్ 5440’, ‘డెల్ లాట్ 5440’, ‘లాటిట్యూడ్5440’ అని ఒకే యంత్రం మూడు రకాలుగా వచ్చి చేరుతుంది. మోడల్ దొరక్కపోతే స్క్రిప్టే కొత్త మోడల్ సృష్టించేలా రాయడం సౌకర్యంగా కనిపిస్తుంది కానీ, అదే మళ్లీ మొదటికి తెస్తుంది. దొరక్కపోతే ఆపేయాలి. కొత్త మోడల్ చేర్చే హక్కు ఒకరిద్దరి చేతిలోనే ఉండాలి.

వెండర్‌ను పేరుతో వెతకడం కన్నా జీఎస్‌టీ నంబరుతో వెతకడం నమ్మకమైన పద్ధతి. 15 అక్షరాల ఆ నంబరు ఇన్‌వాయిస్ మీద తప్పకుండా ఉంటుంది. తెలంగాణలో రిజిస్టరైన వెండర్‌దైతే 36తో మొదలవుతుంది. ఒకే వెండర్‌కు బెంగళూరులో, హైదరాబాద్‌లో వేర్వేరు జీఎస్‌టీ నంబర్లు ఉంటాయి కాబట్టి, వాటిని ఒకే సంస్థగా చూడాలంటే మూడో అక్షరం నుంచి పన్నెండో అక్షరం దాకా ఉండే పాన్ నంబరుతో కలుపుకోవచ్చు.

స్థలం విషయంలో పట్టుదలగా ఉండటానికి చట్టపరమైన కారణం కూడా ఉంది. స్థిరాస్తుల సంఖ్య, అవి ఉన్న చోటు సహా పూర్తి వివరాలతో రికార్డులు ఉన్నాయా లేదా అన్నది కేరో 2020 (కంపెనీల ఆడిట్ నివేదికలో ఏముండాలో చెప్పే ప్రభుత్వ ఉత్తర్వు) ప్రకారం ఆడిటర్ తన నివేదికలో చెప్పాలి. భవనం, టవర్, అంతస్తు, బే అని చెట్టులా రిఫరెన్సులుంటే ఆ ప్రశ్నకు జవాబు ఒక్క వెతుకులాటతో వస్తుంది. తరుగుదల లెక్కకు కావాల్సిన తరగతి కూడా పుట్టుకలోనే పడాలి. కంపెనీల చట్టం 2013 రెండో షెడ్యూలు ప్రకారం ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్‌ల వంటి వాటి ఉపయోగకాలం 3 ఏళ్లు, సర్వర్లు, నెట్‌వర్క్ పరికరాలది 6 ఏళ్లు. ఆబ్జెక్ట్ టైప్‌ను బట్టి స్క్రిప్టే దీన్ని నింపగలదు.

హైదరాబాద్ ఐటీ పార్కుల్లో చాలా భవనాలు సెజ్ పరిధిలోవి. సెజ్ యూనిట్ కోసం సుంకం లేకుండా తెచ్చిన సర్వర్‌కూ, పక్క భవనంలోని మామూలు ఆఫీసుకు కొన్న సర్వర్‌కూ బయటికి తీసేటప్పుడు పాటించాల్సిన పద్ధతి వేరు. ఆ తేడా కొనుగోలు కాగితాల్లోనే ఉంటుంది. మూడేళ్ల తర్వాత గేట్‌పాస్ అడిగిన రోజు వెతికితే దొరకదు. కాబట్టి ‘సెజ్ కొనుగోలా’ అన్న అవును, కాదు ఫీల్డును సరుకు తనిఖీ స్క్రీన్‌లో తప్పనిసరి చేసి రికార్డులోకి పంపడం మంచిది.

అసెట్ ట్యాగ్ నంబరు సంగతి. చాలా స్క్రిప్టులు ఇప్పటిదాకా ఉన్న పెద్ద నంబరు కనిపెట్టి ఒకటి కలుపుతాయి. ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే ఇద్దరికీ ఒకే నంబరు వస్తుంది. ప్రతి ఆబ్జెక్టుకూ అసెట్స్ తానే ఒక కీ ఇస్తుంది, అది మళ్లీ రాదు. ఆ కీనే క్యూఆర్ లేబుల్ మీద ముద్రించుకోవడం శ్రేయస్కరం. ఫైనాన్స్‌కు సొంత నంబరు పద్ధతి ఉంటే దాన్ని వేరే ఫీల్డులో ఉంచాలి.

సీరియల్ నంబరు: ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే

బార్‌కోడ్ స్కానర్ కంప్యూటర్‌కు కీబోర్డులాగే కనిపిస్తుంది, చివర ఎంటర్ కూడా కొడుతుంది. అందుకే వచ్చిన విలువకు ముందూ వెనకా ఖాళీలు, లైన్ ముగింపు గుర్తులు ఉండవచ్చు. మొదటి పని వాటిని తీసేయడం, అక్షరాలన్నీ పెద్దబడి (క్యాపిటల్) లోకి మార్చడం.

తర్వాత కంపెనీల అలవాట్లు. డెల్ సర్వీస్ ట్యాగ్ 7 అక్షరాలు. లెనోవో పెట్టె మీది బార్‌కోడ్ ‘1ఎస్’ గుర్తుతో మొదలై, మధ్యలో యంత్రం రకం, మోడల్ కోడ్ వచ్చి, చివర సీరియల్ నంబరు ఉంటుంది. ఆపిల్ పెట్టెల మీద స్కాన్ చేస్తే సీరియల్‌కు ముందు ‘ఎస్’ అక్షరం అదనంగా రావడం మామూలే. పెట్టె మీద స్కాన్ చేసినదాన్నే రికార్డులో పెట్టి, తర్వాత నెట్‌వర్క్ స్కాన్ టూల్ బయోస్ (మెషిన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) నుంచి తెచ్చిన నంబరుతో పోలిస్తే ఒక్కటీ కలవదు. టూల్ మళ్లీ కొత్త రికార్డు చేస్తుంది, ఒకే మెషిన్ రెండుసార్లు లెక్కకు వస్తుంది. కాబట్టి కంపెనీని బట్టి ముందు గుర్తులు కోసేసే నియమాలు ఒక చోట ఉండాలి. వాలిడేటర్, పోస్ట్ ఫంక్షన్, నెట్‌వర్క్ దిగుమతి మూడూ ఆ ఒక్క ఫంక్షన్‌నే పిలవాలి. మూడు చోట్ల మూడు కాపీలుంటే ఏదో ఒకనాడు ఒకటి మారి రెండు మారవు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్‌లు వాడే చిన్న ఆఫీసులకు ఇంకో చిక్కు. ఇలాంటి మెషిన్లలో బయోస్ సీరియల్ దగ్గర తరచూ ‘టు బి ఫిల్డ్ బై ఓఈఎం’ అనో, ‘డిఫాల్ట్ స్ట్రింగ్’ అనో ఉంటుంది. మొదటి మెషిన్ ఆ పేరుతోనే చేరిపోతుంది. రెండోది వచ్చినప్పుడు ‘ఈ సీరియల్ ఇప్పటికే ఉంది’ అని స్క్రిప్టు దాన్ని మొదటి దాని మీదే కలిపేస్తుంది. ఇరవై మెషిన్లు ఒకే రికార్డులో మాయమవుతాయి. ఇలాంటి విలువల జాబితాను స్క్రిప్టులో పెట్టి తిరస్కరించాలి. ఆ మెషిన్లకు మదర్‌బోర్డు సీరియల్‌నో, మనం అతికించిన లేబుల్ నంబరునో గుర్తుగా తీసుకోవాలి.

పాత రిజిస్టర్‌ను ఎక్సెల్ నుంచి ఎక్కించేవాళ్లు ఒకటి చూసుకోవాలి. అంకెల మధ్య ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం ఉన్న సీరియల్‌ను ఎక్సెల్ ఘాతాంక సంఖ్య అనుకుని మార్చేస్తుంది, ముందున్న సున్నాలను తినేస్తుంది. ఫైల్ తెరవకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ప్రకటించి దిగుమతి చేసుకోవాలి. ఒకసారి పోయిన అంకెలు తిరిగి రావు.

స్క్రిప్టు లోపల జరిగేది

క్రమం ఇది. టికెట్ నుంచి సీరియల్, మోడల్, వెండర్, తేదీలు చదవడం. సీరియల్‌ను శుభ్రం చేయడం. అదే సీరియల్‌తో రికార్డు ఉందేమో అసెట్స్‌లో వెతికే భాష ఏక్యూఎల్‌లో వెతకడం. ఉంటే కొత్తది చేయకుండా దాన్నే టికెట్‌కు తగిలించడం. లేకపోతే మోడల్, వెండర్, స్థలం ఆబ్జెక్టులను వెతికి, రికార్డు సృష్టించి, టికెట్‌కు తగిలించి, ఏం జరిగిందో టికెట్‌లో అంతర్గత వ్యాఖ్యగా రాయడం.

‘ఉందేమో వెతకడం’ అన్న మెట్టును ఎందుకింత పట్టుబట్టి చెప్పాలంటే, టికెట్లు ఒక దారిలో ఒక్కసారే నడవవు. తనిఖీ అయిందని నొక్కిన మనిషే చార్జర్ లేదని గమనించి వెనక్కి పంపుతాడు. రెండు రోజులకు మళ్లీ ముందుకు వస్తుంది. ట్రాన్సిషన్ రెండుసార్లు నడిచింది, రికార్డు ఒక్కటే ఉండాలి. ఎన్నిసార్లు నడిచినా ఫలితం ఒకటే అయ్యేలా రాయడం ఇక్కడ అలంకారం కాదు, అవసరం.

ఏక్యూఎల్‌లో రెండు సూక్ష్మాలు. ఒక సమాన గుర్తు పెద్దబడి, చిన్నబడి తేడా చూడదు. రెండు సమాన గుర్తులు చూస్తాయి. సీరియల్ వెతుకులాటకు ఒకటే చాలు. ఇక ఆబ్జెక్ట్ టైప్‌ను ‘హార్డ్‌వేర్’ అని ఇస్తే దాని కింద ఉన్న ల్యాప్‌టాప్, సర్వర్ పిల్ల టైప్‌లు ఫలితంలో రావు. పిల్లలతో కలిపి వెతికే ఫంక్షన్ వేరే ఉంది, దాన్ని వాడాలి. లేదంటే స్క్రిప్టు ఏమీ దొరకలేదనుకుని కొత్తది పుట్టిస్తుంది. విలువలను ఎప్పుడూ కోట్‌లలో పెట్టాలి, లోపల ఉన్న కోట్ గుర్తులను ముందే తప్పించాలి.

వెతికాక సృష్టించేలోపు ఇంకొకరు అదే సీరియల్‌తో సృష్టించే అవకాశం చిన్నదే అయినా ఉంది. మూడు నోడ్‌ల (కలిసి పనిచేసే సర్వర్ల) డేటా సెంటర్ క్లస్టర్‌లో ఇది ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే ఒక నోడ్‌లో పుట్టిన రికార్డు ఇంకో నోడ్ వెతుకులాటలో కనిపించడానికి కొంత సమయం పట్టొచ్చు. దీనికి రెండు అడ్డుకట్టలు వేయాలి. సీరియల్ అట్రిబ్యూట్‌ను (రికార్డులోని ఆ గడిని) యునీక్‌గా, అంటే ఒకే విలువ రెండుసార్లు రాకుండా ప్రకటించడం మొదటిది. సీరియల్ పేరుతో క్లస్టర్ లాక్ (ఒకసారికి ఒక్కరే ఆ పని చేసేలా వేసే తాళం) తీసుకుని, వెతకడం, సృష్టించడం రెండూ ఆ లాక్ లోపలే జరపడం రెండోది. మొదటిది అందరూ చేయాలి. రెండోది ఒకే టికెట్ మీద ఎక్కువమంది పనిచేసే పెద్ద స్టోర్స్‌కు సరిపోతుంది.

అట్రిబ్యూట్ల అంకెల ఐడీలను స్క్రిప్టులో నేరుగా రాసేయడం ఇంకో పాత అలవాటు. పరీక్షా సర్వర్‌లో 214 ఉన్న అట్రిబ్యూట్ అసలు సర్వర్‌లో 388 కావచ్చు. రెండు అంకెలూ వేర్వేరు అట్రిబ్యూట్లుగా ఉన్నచోట లోపం కూడా రాదు, విలువ మౌనంగా తప్పు గడిలో పడుతుంది. స్క్రిప్టు మొదట్లోనే స్కీమా కీ, ఆబ్జెక్ట్ టైప్ పేరు, అట్రిబ్యూట్ పేరుతో ఐడీలను తెచ్చుకుని, ఒక్కటి దొరక్కపోయినా అక్కడే ఆగిపోవాలి.

తేదీల దగ్గర ఇక్కడి వాళ్లకు ఎదురయ్యే ప్రత్యేక సమస్య మన సమయమండలం. వారంటీ ముగింపు తేదీని మన అర్ధరాత్రి 12 గంటలుగా తీసుకుని ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలోకి మారిస్తే, అది ముందు రోజు సాయంత్రం 6.30 అవుతుంది. సమయం కోసేసి తేదీ మాత్రమే భద్రపరిస్తే ఒక రోజు తగ్గిపోతుంది. వారంటీ చివరి రోజున ఫిర్యాదు పెట్టేటప్పుడు ఆ ఒక్క రోజే కీలకం. తేదీ మాత్రమే ఉన్న విలువను ఆదినుంచీ తేదీగానే నడపాలి, సమయమున్న రకంలోకి ఎక్కడా మార్చకూడదు. రూపం సంవత్సరం, నెల, రోజు వరుసలో ఉండాలి. 05/06/2025 అని పంపితే జూన్ ఐదో, మే ఆరో సర్వర్ సెట్టింగులే నిర్ణయిస్తాయి.

నలభై ల్యాప్‌టాప్‌లు ఒకే చలాన్‌లో వస్తే

ఒక్కో మెషిన్‌కు ఒక్కో సబ్‌టాస్క్ పెట్టే పద్ధతి కాగితం మీద అందంగా ఉంటుంది. స్టోర్స్ వాళ్లు నలభై స్క్రీన్లు తెరవాల్సి వచ్చేసరికి వాళ్లు మళ్లీ ఎక్సెల్‌కే వెళ్లిపోతారు. దానికన్నా ఒకే టికెట్‌లో పెద్ద టెక్స్ట్ ఫీల్డు పెట్టి, వరుసగా స్కాన్ చేయమనడం మేలు. స్కానర్ కొట్టే ఎంటర్ వల్ల ఒక్కో సీరియల్ ఒక్కో లైనుగా పడుతుంది.

స్క్రిప్టు లైన్లుగా విడగొట్టి, ఖాళీ లైన్లు తీసేసి, అదే సీరియల్ రెండుసార్లు ఉంటే ఒకటి వదిలి, మిగిలిన సంఖ్యను జీఆర్‌ఎన్‌లో రాసిన పరిమాణంతో సరిచూడాలి. ఇది వాలిడేటర్‌లోనే జరగాలి. నలభై అని రాసి ముప్పైతొమ్మిదే స్కాన్ అయితే ఒక పెట్టె చూడలేదన్నమాట.

సృష్టించేటప్పుడు పదహారోది విఫలమైతే? అక్కడితో ఆపేస్తే మిగతా ఇరవైనాలుగూ ఆగిపోతాయి. మొత్తం వెనక్కి తీయాలంటే అప్పటికే పుట్టిన పదిహేనింటినీ చెరిపేయాలి, ఆ చెరిపివేత కూడా విఫలం కావచ్చు. ఒక్కో లైనును విడిగా ప్రయత్నించి, విఫలమైన దాన్ని కారణంతో రాసుకుని ముందుకు సాగడం మేలైన పద్ధతి. చివర్లో టికెట్‌లో ఒక్క వ్యాఖ్య: కొత్తగా పుట్టినవి ఇన్ని, ముందే ఉన్నవి ఇన్ని, విఫలమైనవి ఇవీ అని. వెతికాకే సృష్టించే క్రమం ఉంది కాబట్టి, లోపం దిద్దాక మళ్లీ నడిపితే మిగిలినవి మాత్రమే పుడతాయి. టికెట్‌లోని అసెట్ ఫీల్డు ఒకటికన్నా ఎక్కువ ఆబ్జెక్టులను పట్టేలా ముందే సెట్ చేసి ఉండాలి.

మౌస్, కీబోర్డు, కేబుల్ వంటి వాటికి విడి రికార్డులు వద్దు. వాటికి స్టాక్ సంఖ్య చాలు.

ఎవరి హక్కులతో నడుస్తోంది?

బటన్ నొక్కిన మనిషి హక్కులతో స్క్రిప్టు వెతికితే, ఆ మనిషికి స్కీమా చూసే హక్కు లేనప్పుడు ఫలితం ఖాళీగా వస్తుంది. లోపం రాదు, ఖాళీ వస్తుంది. ఖాళీని ‘రికార్డు లేదు’ అని చదివిన స్క్రిప్టు కొత్తది పుట్టిస్తుంది. పరీక్ష అంతా అడ్మిన్ లాగిన్‌తో చేసినప్పుడు ఈ తప్పు బయటపడదు. సృష్టి కోసం విడిగా ఒక సర్వీస్ ఖాతా పెట్టి, దానికి ఆ స్కీమా మీద మాత్రమే కావాల్సిన పాత్ర ఇచ్చి, స్క్రిప్టు ఆ ఖాతా పేరుతో నడిచేలా చూడాలి. అసలు బటన్ నొక్కిన మనిషి పేరు రికార్డులో ‘అందుకున్నవారు’ అనే ఫీల్డులో ఉండాలి, లేకపోతే చరిత్రంతా సర్వీస్ ఖాతా పేరే కనిపిస్తుంది.

క్లౌడ్‌లో అదనంగా చూసుకోవాల్సినవి

క్లౌడ్‌లో స్క్రిప్ట్‌రన్నర్ పోస్ట్ ఫంక్షన్ ట్రాన్సిషన్ లోపల నడవదు. ట్రాన్సిషన్ అయిపోయాక బయటి నుంచి నడుస్తుంది. అందుకే టికెట్ ‘తనిఖీ అయింది’ స్థితిలోకి వెళ్లాక కొన్ని సెకన్ల పాటు అసెట్ ఫీల్డు ఖాళీగా ఉండొచ్చు. ఆ లోపు అప్పగింత బటన్ నొక్కితే రెండో స్క్రిప్టుకు దిద్దడానికి రికార్డే దొరకదు. అసెట్ ఫీల్డు ఖాళీగా ఉంటే అప్పగింత ట్రాన్సిషన్ కనిపించకుండా కండిషన్ పెడితే సరిపోతుంది.

ఏపీఐ పిలవడానికి ముందు వర్క్‌స్పేస్ ఐడీ (మన అసెట్స్‌కు క్లౌడ్ ఇచ్చిన గుర్తు) తెచ్చుకోవాలి. టికెట్‌కు తగిలించేటప్పుడు వర్క్‌స్పేస్ ఐడీ, ఆబ్జెక్ట్ ఐడీ రెండూ కోలన్ గుర్తుతో కలిపిన రూపంలో ఇవ్వాలి. డేటా సెంటర్‌లో లాగా ఆబ్జెక్ట్ కీ మాత్రమే ఇస్తే కుదరదు. వేగంగా ఎక్కువ పిలుపులు పంపితే ‘మరీ ఎక్కువయ్యాయి’ అని చెప్పే 429 జవాబు వస్తుంది. దానితో పాటు ఎంతసేపు ఆగాలో చెప్పే హెడర్ ఉంటుంది, అంతసేపు ఆగి మళ్లీ పంపాలి. టైమ్ఔట్ అయితే మాత్రం గుడ్డిగా మళ్లీ పంపకూడదు. మనకు జవాబు రాలేదు కానీ అవతల రికార్డు పుట్టి ఉండొచ్చు. మళ్లీ వెతుకులాట నుంచే మొదలుపెట్టాలి. ఏపీఐ పిలవడానికి వాడే టోకెన్ల (పాస్‌వర్డు లాంటి కోడ్‌ల) గడువు ఏడాదికి మించదు కాబట్టి, ముగిసే తేదీకి నెల ముందే గుర్తుచేసే టికెట్ ఒకటి పెట్టుకోవాలి. అది మరిచిపోయిన ఆఫీసులో ఒక ఉదయం నుంచి రికార్డులు పుట్టడం ఆగిపోతుంది, ఎవరికీ తెలియదు.

జిరా లేని చిన్న ఆఫీసులు ఉచితంగా దొరికే స్నైప్‌ఐటీని ఏదో ఒక టికెట్ టూల్‌తో కలుపుతుంటాయి. అక్కడ కొత్త అసెట్‌కు మోడల్ ఐడీ, స్టేటస్ ఐడీ తప్పనిసరి. పెద్ద ఉచ్చు ఏమిటంటే, డేటా తప్పుగా ఉన్నా ఆ ఏపీఐ ‘అంతా సరే’ అని అర్థమయ్యే 200 జవాబే ఇస్తుంది, లోపం మాత్రం జవాబు లోపలి స్టేటస్ గడిలో ఉంటుంది. 200 వస్తే చాలనుకున్న స్క్రిప్టు ఒక్క రికార్డూ చేయకుండానే అన్నీ అయ్యాయని రాస్తుంది.

డేటా సెంటర్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. ఆ వెర్షన్ మద్దతు 2029 మార్చి 28తో ముగుస్తుందని అట్లాసియన్ ప్రకటించింది. జావా క్లాసులను నేరుగా పిలిచే గ్రూవీ కోడ్ క్లౌడ్‌కు అలాగే వెళ్లదు. కాబట్టి ఇప్పుడు రాసేవాళ్లు సీరియల్ శుభ్రపరచడం, ఫీల్డుల జత, నియమాల పరీక్ష ఒక వైపు, అసెట్స్‌తో మాట్లాడే నాలుగు ఫంక్షన్లు ఇంకో వైపు విడగొట్టి రాస్తే, రేపు ఆ నాలుగు ఫంక్షన్లను మాత్రమే మార్చుకోవచ్చు.

నడిపే ముందు, నడిపాక

పరీక్షా సర్వర్‌లో కనీసం ఇవి చేసి చూడాలి: ఒకే సీరియల్‌తో రెండు టికెట్లు, చిన్నబడిలో ఖాళీలతో సీరియల్, జాబితాలో లేని మోడల్, వెనక్కి పంపి మళ్లీ ముందుకు తెచ్చిన టికెట్, స్కీమా హక్కు లేని మనిషి నొక్కిన బటన్, స్కాన్‌లో ఒకటి తక్కువైన నలభై. అసలు డేటా కాపీ మీద పరీక్షిస్తుంటే బయటికి వెళ్లే మెయిళ్లను ముందు ఆపాలి.

అసలు సర్వర్‌లోకి వెళ్లాక రోజూ ఒక ఫిల్టర్ నడవాలి: తనిఖీ దాటిన స్థితిలో ఉండి, అసెట్ ఫీల్డు ఖాళీగా ఉన్న టికెట్లు ఎన్ని? మామూలుగా జవాబు సున్నా. సున్నా కాకపోతే ఆ జాబితా మెయిల్‌గా స్టోర్స్ బాధ్యుడికీ, స్క్రిప్టు చూసే మనిషికీ ఇద్దరికీ వెళ్లాలి. ఎదురు దిశలో కూడా ఒకటి ఉండాలి: కొనుగోలు టికెట్ నంబరు లేని కొత్త రికార్డులు. అవి ఎవరో చేత్తో సృష్టించినవి. చేత్తో సృష్టించే హక్కును మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, ఒక్కసారిగా తీసేస్తే రిపేరుకు పోయి బదులు మెషిన్ వచ్చిన రోజున పని ఆగిపోతుంది. ఆ బదులు మెషిన్ల కోసం కూడా విడిగా ఒక ట్రాన్సిషన్ పెట్టి, పాత రికార్డును మూసి కొత్త సీరియల్‌తో ఇంకోటి తెరిచి, రెండింటినీ రిఫరెన్సుతో కలపాలి. పాత రికార్డులోనే సీరియల్ మార్చేస్తే రిజిస్టర్‌లోని వస్తువు ఒకటి, బల్ల మీదిది ఇంకొకటి అవుతుంది.